మాట్లాడే కళ్లజోడు

మనిషి తన ఒంటిపై ధరించే పనిముట్లలో కళ్లజోడుకు ఉన్న అవసరం మరొకదానికి లేదు. గడియారం ఇంట్లో మరచిపోయినా రోజు గడుస్తుంది. కళ్లజోడు మరచిపోతే వీధి చివరి దాకా పోలేనివారు ఎందరో ఉన్నారు. ఇటలీ దేశంలో పదమూడవ శతాబ్దం చివర పుట్టిన ఈ సాధనం చాలాకాలం ముక్కు మీద నిలబడడానికే అవస్థ పడింది. చెవుల మీదుగా పోయే కాడలు దానికి అమరడానికి నాలుగు శతాబ్దాలకు పైగా పట్టింది. పద్దెనిమిదవ శతాబ్దంలో గాని మనిషి తన కళ్లజోడును చేతితో పట్టుకోకుండా నిశ్చింతగా నడవలేకపోయాడు.

ఆ కాడలు ఎలాగూ చెవులను తాకుతూ పోతున్నాయి గనుక, వాటిలోనే ధ్వనిని కూడా అమర్చవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. ట్రాన్సిస్టర్ వచ్చిన తరువాత, 1950ల నడుమ, అమెరికాలో వినికిడి యంత్రాన్ని కళ్లజోడు కాడలో ఇమిడ్చి అమ్మారు. కొన్నేళ్ల పాటు వాటికి మంచి గిరాకీ ఉండేది. చెవిటితనం ఉన్నట్టు నలుగురికీ తెలియకుండా ఉండడమే వాటి ఆకర్షణ. కాని చెవి వెనుక పెట్టుకునే చిన్న యంత్రాలు రాగానే వాటి ప్రాభవం తగ్గిపోయింది. కారణం సులభంగానే ఊహించవచ్చు. అద్దాలు మార్చడానికి ఇస్తే వినికిడి పోయేది. యంత్రం బాగుచేయడానికి ఇస్తే చూపు పోయేది. రెండు అవసరాలను ఒకే కాడకు కట్టిన తరువాత, ఒకటి చెడితే రెండూ చెడడం సహజం.

ఆ పాత ఆలోచనే ఇప్పుడు కొత్త వేషంలో తిరిగి వచ్చింది. 2018 డిసెంబరులో బోస్ సంస్థ కాడలలో స్పీకర్లు గల చలువ కళ్లజోడును ప్రకటించింది. మరుసటి ఏడు అమెజాన్ సంస్థ ఆ దారి పట్టింది. మన దేశంలో 2022 జనవరిలో టైటన్ సంస్థ ఇటువంటిదే 'ఐఎక్స్' అనే పేరుతో 9,999 రూపాయలకు విడుదల చేసింది. కెమెరా కూడా ఉన్న రేబాన్ మెటా కళ్లజోళ్లు 2025 మేలో మన దేశంలో 29,900 రూపాయల ప్రారంభ ధరతో అమ్మకానికి వచ్చాయి. కెమెరా సంగతి వేరు. కేవలం వినడానికి, మాట్లాడడానికి మాత్రమే ఉపయోగపడే కళ్లజోడు సామాన్య గృహస్థుకు రోజూ పెట్టుకోదగినదేనా అన్నది ఇక్కడి ప్రశ్న.

దీని పనితీరు తెలుసుకోదగినది. ప్రతి కాడలోను చెవికి కాస్త ముందుగా ఒక చిన్న స్పీకరు ఉంటుంది. చెవి రంధ్రాన్ని ఏదీ మూయదు. స్పీకరు ముందు భాగం నుండి వెలువడే ధ్వని ఒక సన్నని మార్గం గుండా చెవి వైపు పోతుంది. వెనుక భాగం నుండి వెలువడే ధ్వని దానికి విరుద్ధమైన తరంగం. దానిని మరొక రంధ్రం గుండా బయటికి వదులుతారు. కొంత దూరం పోయిన తరువాత ఈ రెండు తరంగాలు ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. అందుచేత ధరించినవారికి వినబడే మాట పక్కవారికి అంతగా వినబడదు. అయితే ఈ ఉపాయం వల్ల ఒక లోటు కూడా కలుగుతుంది. మృదంగం ఎడమ వైపున పలికే గంభీరమైన నాదం వంటి తగ్గు స్థాయి ధ్వనులు బలహీనపడతాయి. మాటలకు ఈ కళ్లజోడు చాలును, కచేరీకి చాలదు.

విజయవాడలో అరవై ఆరేళ్ల ప్రూఫ్ రీడర్ ఒకాయన ఉన్నారు. సీసపు అక్షరాల కంపోజింగు కాలం నుండి కంప్యూటరు కాలం దాకా ఒక ముద్రణాలయంలో ముప్ఫై అయిదేళ్లు పనిచేసి, విశ్రాంతి తీసుకున్న తరువాత ఇంటి వద్దనే పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నారు. పూర్వం ముద్రణాలయాలలో కాపీ హోల్డర్ అనే ఉద్యోగి ఉండేవాడు. అతడు రచయిత రాతప్రతిని బిగ్గరగా చదువుతుంటే, ప్రూఫ్ రీడర్ తన కళ్లను ప్రూఫు మీద నుండి తీయకుండా సరిపోల్చుకునేవాడు. ఇంట్లో ఆ పని పదేళ్లుగా ఆయన భార్య చేస్తున్నారు. మధ్యాహ్నం భోజనాలైన తరువాత ఇద్దరూ కూర్చుంటారు. ఆమె చదువుతారు, ఆయన దిద్దుతారు.

నిరుడు ఆమెకు కంటి శుక్లానికి శస్త్రచికిత్స జరిగింది. చికిత్స తరువాత చూపు కుదుటపడి కొత్త అద్దాలు ఖరారు కావడానికి సాధారణంగా నెల, నెలన్నర పడుతుంది. అంతవరకు చిన్న అక్షరాలు చదవడం ఆమెకు కష్టమే. అదే సమయంలో కృష్ణా కాలువల చరిత్రపై మూడు వందల పుటల పుస్తకం ఒకటి ఆయన చేతికి వచ్చింది. ప్రచురణకర్త ఇచ్చిన గడువు ఆరు వారాలు. సంగతి విన్న కొడుకు హైదరాబాదు నుండి ఒక మాట్లాడే కళ్లజోడు తెచ్చాడు. రచయిత పంపిన టైపు ప్రతిని ఫోను చదివి వినిపిస్తుంది, అది కాడలలో వినబడుతుంది, "అమ్మకు శ్రమ ఉండదు నాన్నా" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. పదేళ్లుగా తాను చేస్తున్న పనిని ఒక వస్తువు చేయగలదన్న మాట ఎవరికైనా విని ఊరుకోవడం సులభం కాదు.

తొలి ఇబ్బంది అద్దాల దుకాణంలోనే ఎదురైంది. ఆయనది రెండు పవర్ల అద్దం. పై భాగం దూరపు చూపుకు, కింది భాగం చదువుకు. కొత్త చట్రంలో ఆ అద్దాలు అమర్చడం కష్టం కాలేదు. కాని మామూలు కళ్లజోడైతే దుకాణదారు కాడను వెచ్చచేసి, చెవి వెనుక తగినంత వంచి, ముఖానికి సరిపెడతాడు. ఇక్కడ కాడలో బ్యాటరీ, తీగలు ఉన్నాయి గనుక వేడి తగలరాదు. ముక్కు దగ్గర ఆనే భాగాన్ని మాత్రం కొద్దిగా సవరించి ఇచ్చాడు. ప్లాస్టిక్ చట్రం గల మామూలు కళ్లజోడు అద్దాలతో కలిపి 25, 30 గ్రాములు తూగితే, ఈ రకం కళ్లజోళ్లు 40 నుండి 50 గ్రాముల వరకు తూగుతాయి. విజయవాడ ఎండలో చెమట పట్టినప్పుడు ఆ బరువు కిందికి జారుతుంది. రెండు పవర్ల అద్దం రెండు మిల్లీమీటర్లు జారితే చాలు, చదువు భాగం కంటికి అందదు. గడ్డం పైకెత్తి చదవవలసి వస్తుంది. గంట గడిచేసరికి మెడ పట్టేసేది. ముందుగా అది కళ్లజోడు, ఆ తరువాతనే వినికిడి యంత్రం అన్న సంగతి ఆయనకు ఆ మొదటి వారంలోనే బోధపడింది.

ఇక చదివి వినిపించే పని. యంత్రం తెలుగు చదువుతుంది, స్పష్టంగానే చదువుతుంది. యూనికోడ్‌లో టైపు చేసిన పాఠాన్ని ముద్రణకు వాడే పాత ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదరడం, దీర్ఘాలు పోవడం మామూలు. అటువంటి తప్పులు యంత్రం మాట వింటూ ఆయన చాలా పట్టుకున్నారు. అది అలసిపోదు, దగ్గదు, మధ్యలో పాలవాడు పిలిచాడని లేచి పోదు. రోజుకు పన్నెండు పుటలు సాగేది ఇరవై పుటలు సాగింది.

కాని ప్రూఫు దిద్దేవారికి మాట ఒక్కటే చాలదు. 'ఋణం' అన్నా 'రుణం' అన్నా చెవికి ఒకే శబ్దం. ఆమె చదివేటప్పుడు "ఋణం, అచ్చుల్లో ఋ" అని చెప్పేవారు. కామా వస్తే కామా అనేవారు, కొత్త పేరా వస్తే పేరా అనేవారు. సంఖ్య వస్తే అంకెలలో ఉన్నదో అక్షరాలలో ఉన్నదో తెలిపేవారు. యంత్రం కామా దగ్గర కాస్త ఆగుతుంది, అంతే. లక్షా యాభై వేలు అని పలికినప్పుడు అది రచయిత అంకెలలో రాసినదో మాటలలో రాసినదో తెలియదు. దానికోసం ఆయన మళ్లీ తెర వైపు చూడవలసి వచ్చేది. రాతప్రతి చేతివ్రాతలో ఉన్న అధ్యాయాలకైతే యంత్రం వల్ల ఉపయోగమే లేకపోయింది.

రెండవ వారంలో ఒక మధ్యాహ్నం వీధి నిశ్శబ్దంగా ఉంది. ఆమె నల్ల అద్దాలు పెట్టుకొని, అదే గదిలో పడక కుర్చీలో విశ్రాంతిగా కూర్చున్నారు. చుట్టూ సద్దు ఉన్నప్పుడు కాడల నుండి బయటికి వచ్చే ధ్వని ఎవరికీ వినబడదు గాని, నిశ్శబ్దమైన గదిలో రెండు బారల దూరాన సన్నగా వినబడుతుంది. ఆమె ఉన్నట్టుండి అడిగారు.

"ఏమండీ, అది ఇప్పుడు ఆనకట్ట ఏ సంవత్సరంలో పూర్తయిందన్నది?"

"పద్దెనిమిది వందల ఎనభై అయిదు. ప్రూఫులోనూ అదే ఉంది."

"మొదటి అధ్యాయంలో యాభై అయిదని చదివాను నేను. ఆపరేషనుకు ముందు. మీరే ఎర్ర పెన్సిలుతో గీత పెట్టారు చూడండి."

చూస్తే నిజమే. విజయవాడ వద్ద కృష్ణకు కట్టిన పాత ఆనకట్ట 1855లో పూర్తయింది. రచయిత టైపు ప్రతిలోనే ఆరవ అధ్యాయంలో 1885 అని పడింది. ప్రూఫులోనూ అలాగే వచ్చింది. కాపీకి, ప్రూఫుకు తేడా లేనప్పుడు సరిపోల్చే యంత్రం పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చదివినదానిని గుర్తు పెట్టుకున్న మనిషి మాత్రమే అక్కడ ఆగి అడగగలదు.

ఆ మరునాటి నుండి పద్ధతి మారింది. ఆయన తన పాత కళ్లజోడు పెట్టుకున్నారు. ఫోనును బల్ల మీద ఉంచి, దాని సొంత స్పీకరులోనే పెద్దగా చదివించారు. యంత్రం చదువుతుంటే ఆమె కళ్లు మూసుకొని విన్నారు; అనుమానం వచ్చినచోట ఆపమన్నారు. ఆ ఆరు వారాలలో ఆమె పట్టుకున్న తప్పులు తొమ్మిది. వాటిలో రెండు రచయితను అడిగి దిద్దవలసినవి. పుస్తకం గడువుకు ముందే పూర్తయింది. ఈ సంఘటనలో కళ్లజోడు పరీక్షకు కావలసిన సూత్రం ఒకటి దొరుకుతుంది. ఒక వస్తువు ఒక పని చేయగలదా అని అడగడం చాలదు. ఆ పని అది లేకుండా జరగదా అని కూడా అడగాలి. గదిలో, బల్ల ముందు, ఇద్దరు వినవలసిన చోట, పదివేల రూపాయల కాడల కంటె ఫోను స్పీకరే మేలు.

మరి అది లేకుండా జరగని పనులు ఏవి? ఆయనకు అవి ఇంటి బయట కనిపించాయి. ఉదయం ఏలూరు కాలువ గట్టు మీద నడిచేటప్పుడు ఒక ఉపన్యాసమో, వార్తలో వినవచ్చు. చెవులు మూసుకోలేదు గనుక వెనుక నుండి వచ్చే సైకిలు గంట, ఆటో హారను వినబడతాయి. రెండు చేతుల్లో కూరగాయల సంచులు ఉన్నప్పుడు కొడుకు ఫోను చేస్తే, కాడను వేలితో ఒకసారి తాకి మాట్లాడవచ్చు. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోనుల వల్ల ఆయనకు కలిగే దురద లేదు. కాడలోని మైకులు నోటి నుండి వచ్చే మాటను, ఇతర దిక్కుల నుండి వచ్చే సద్దును వేరుచేస్తాయి. గాలి బలంగా వీచినప్పుడు మాత్రం అవతలివారు "ఏమిటీ? ఏమిటీ?" అంటారు.

అయితే చెవి తెరిచి ఉండడం వేరు, మనస్సు తెరిచి ఉండడం వేరు. ఉపన్యాసంలో లీనమైన మనిషికి హారను వినబడుతుంది గాని అది తన కోసమేనని తోచడానికి ఒక క్షణం ఆలస్యమవుతుంది. రహదారి దాటడానికి ఆ క్షణమే ముఖ్యం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, వాహనం నడుపుతూ చేతిలో ఫోను పట్టుకొని వాడడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగుగా పేర్కొన్నది. చేతులు ఖాళీగా ఉన్నంత మాత్రాన మనస్సు ఖాళీగా ఉన్నట్టు కాదు. ఆయన కూడలి రాగానే కాడను తాకి ఉపన్యాసం ఆపడం అలవాటు చేసుకున్నారు. ఇది ఆయన వయస్సు నేర్పిన జాగ్రత్త, యంత్రంలో లేదు.

రద్దీ వీధిలో మరొక చిక్కు ఉంది. చెవి మూసి లేదు గనుక బయటి సద్దును మించి వినడానికి ధ్వని పెంచవలసి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటల వరకు వినవచ్చు. స్థాయి మూడు డెసిబెల్స్ పెరిగితే, ఆ కాలం సగానికి తగ్గుతుంది. అంటే 83కు 20 గంటలు, 86కు 10 గంటలు. 90కి చేరితే వారానికి నాలుగు గంటలే. బస్సు స్టాండులో ధ్వని పెంచి, ఇంటికి వచ్చిన తరువాత తగ్గించడం మరచిపోతే ఆ నష్టం నొప్పి లేకుండా జరుగుతుంది. నిశ్శబ్దమైన గదిలో కూడా ధ్వని పెంచితే గాని మాట తెలియనివారు కొత్త కళ్లజోడు కోసం వెతకనక్కరలేదు. చెవి డాక్టరు వద్ద వినికిడి పరీక్ష చేయించుకోవడం ఉత్తమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్ల మందికి ఏదో ఒక మేరకు వినికిడి లోపం ఉంది. మామూలు మాట్లాడే కళ్లజోడు వారికి మందు కాదు. స్వల్ప, మధ్యస్థ లోపాలు గలవారి కోసం ప్రత్యేకంగా తయారైన 'న్యూయాన్స్ ఆడియో' అనే కళ్లజోడుకు 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించింది. ఆ జాతి వేరు.

సభామర్యాద సంగతి కూడా ఆలోచించదగినది. చెవిలో ఇయర్‌ఫోను ఉన్నవాడు పెద్దలు పలకరిస్తే దానిని తీసి చేతిలో పట్టుకుంటాడు. నేను మీ మాట వింటున్నానని చెప్పడానికి అదొక సంకేతం. కళ్లజోడును అలా తీయడానికి వీలులేదు. తీస్తే ఎదుటివారి ముఖమే కనబడదు. తీయకపోతే తాము చెప్పేది వింటున్నాడో, మరెవరినో వింటున్నాడో ఎదుటివారికి తెలియదు. ఒకసారి ఆయన ఒక పాత సహోద్యోగి ఇంటికి పరామర్శకు వెళ్లారు. ఇంటి పెద్ద పోయిన నాలుగవ రోజు. ఆ తల్లి ఏడుస్తూ ఏదో చెబుతుండగా, బ్యాటరీ తగ్గిపోయిందని ఇంగ్లీషులో ఒక స్త్రీ కంఠం ఆయన చెవి పక్కన పలికింది. అది ఆయనకు తప్ప ఎవరికీ వినబడలేదు. అయినా ఆ తల్లి మాటలలో ఒక వాక్యం ఆయనకు అందకుండా పోయింది. ఏమన్నారమ్మా అని మళ్లీ అడగదగిన మాట కాదది. ఆ తరువాత శుభానికి గాని, అశుభానికి గాని ఒకరి ఇంటికి పోయేటప్పుడు ఆయన పాత కళ్లజోడే పెట్టుకొని పోతున్నారు.

చివరిగా ఖర్చు. మంచి చట్రం జాగ్రత్తగా వాడుకుంటే అయిదారేళ్లు, కొందరి వద్ద పదేళ్లు ఉంటుంది. కాడలోని చిన్న లిథియం బ్యాటరీ ఛార్జి చేసిన ప్రతిసారీ కొంత శక్తి కోల్పోతుంది. కొన్ని వందల ఛార్జీల తరువాత నిలిచే కాలం స్పష్టంగా తగ్గుతుంది. ఇటువంటి కళ్లజోళ్లలో బ్యాటరీని మార్చుకునే వీలు సాధారణంగా ఉండదు. ఐరోపా సమాఖ్య 2027 ఫిబ్రవరి నుండి చిన్న పరికరాలలోని బ్యాటరీలను వాడుకదారే మార్చుకోగలిగేలా ఉండాలన్న నియమాన్ని 2023లోనే శాసనంగా చేసింది. ఆ ఒరవడి అన్ని దేశాలకు, అన్ని పరికరాలకు పాకేవరకు, ఈ కళ్లజోడు కొనేవారు రెండు మూడేళ్ల ఆయుష్షునే లెక్కలో పెట్టుకోవడం మంచిది. అద్దాల ఖర్చు అదనం. వేసవిలో నిలిపి ఉంచిన కారు ముందు అద్దం వద్ద దీనిని వదలిపెట్టరాదు. ఆ వేడిని బ్యాటరీ తట్టుకోలేదు.

ఇంతకూ రోజూ ధరించదగినదేనా? ఆ ప్రూఫ్ రీడర్ తన సమాధానాన్ని మాటలలో చెప్పలేదు, అద్దాలలో చెప్పారు. మాట్లాడే కళ్లజోడులో రెండు పవర్ల అద్దం తీయించి, దూరపు చూపుకు పనికివచ్చే ఒకే పవర్ అద్దం వేయించారు. ఒకే పవర్ అద్దం కాస్త జారినా రెండు పవర్ల అద్దమంత ఇబ్బంది పెట్టదు. అది ఉదయపు నడకకు, బజారుకు, ఫోనుకు. చదువుకు, చుట్టాలింటికి పాత కళ్లజోడు. చూపు మీదనే జీవనం సాగించేవారు తమ ఏకైక కళ్లజోడును ఒక బ్యాటరీకి అప్పగించరాదని ఆయన నిర్ణయం. దానిని రెండవ జోడుగా కొనగలిగినవారికి, చేతులు ఖాళీ లేని పనులు చేసేవారికి, చెవిలో ఏదీ పెట్టుకోలేనివారికి అది మంచి తోడు. ఒక్క జోడుకే స్థోమత ఉన్నవారు ఆ డబ్బును మంచి అద్దాల మీద పెట్టడం మేలు.

కొనదలచినవారు దుకాణంలో సంగీతం విని మురిసిపోకుండా, మూడు పనులు చేయాలి. యంత్రాన్ని ఆపివేసి, ఉత్త కళ్లజోడుగా అరగంట ధరించి చూడాలి. తల వంచి చదివితే జారుతున్నదేమో గమనించాలి. బ్యాటరీ పోయిన తరువాత ఏమి చేయాలో దుకాణదారును అడిగి, ఆ సమాధానాన్ని రాసి ఇమ్మనాలి. మాట్లాడడం ఆగిపోయిన రోజున కూడా ముక్కు మీద ఉంచుకోబుద్ధి అయ్యే కళ్లజోడే కొనదగినది.

నెలన్నర గడిచాక ఆమెకు కొత్త అద్దాలు వచ్చాయి. తరువాత వచ్చిన పుస్తకం చేతివ్రాత ప్రతి. ఆమె చదువుతున్నారు. టైపు ప్రతులు వచ్చినప్పుడు మాత్రం ఫోను చదువుతుంది. ఆమె వింటూ, మధ్య మధ్య దానిని ఆపమంటారు.